వేరుశనగ కాయపై మచ్చ నుంచి జాతి నామం వరకు: పంట భూములలో పరాన్నజీవ నులిపురుగుల గుర్తింపు, వర్గీకరణ

‘నేల నమూనాలో నులిపురుగులు ఉన్నవి’ అనే ఒక్క వాక్యంతో ముగిసే నివేదిక రైతుకు గాని, అతనికి సలహా ఇవ్వవలసిన విస్తరణ శాస్త్రవేత్తకు గాని ఉపయోగపడదు. సాగులో ఉన్న ఏ నేలను పరీక్షించినా నులిపురుగులు కనిపిస్తాయి. వాటిలో అధిక భాగం బాక్టీరియాను, శిలీంధ్రాలను, ఇతర సూక్ష్మజీవులను తిని జీవించేవే. మొక్కలపై ఆధారపడేవి కొన్ని మాత్రమే. వాటిలోనూ ఒక్కొక్క జాతి ఆశించే పంటలు, నష్టపరిచే విధానం, నేలలో నిలిచి ఉండే స్థితి వేరు. అందువల్ల ఏ పంటతో మార్పిడి చేయాలి, ఏ రకం విత్తాలి, నీటిని ఎలా నిర్వహించాలి అనే ప్రశ్నలకు సమాధానం ‘ఏ నులిపురుగు’ అన్న ప్రశ్నకు సమాధానం దొరికిన తర్వాతనే లభిస్తుంది. గుర్తింపులో పొరపాటు జరిగితే సలహా కూడా పొరపాటుగానే ఉంటుంది. దాని ఖర్చును రైతే భరించవలసి వస్తుంది.

ఈ విషయాన్ని స్పష్టంగా చూపే ఉదాహరణ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. అది వేరుశనగపై వచ్చే కాళహస్తి తెగులు. ఆ ఉదాహరణతో ప్రారంభించి, నేల నమూనా సేకరణ మొదలు జాతి నిర్ధారణ వరకు గల దశలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కాళహస్తి తెగులు: పేరు తెలియక ముందు, తెలిసిన తర్వాత

1970వ దశకం మధ్యలో, అప్పటి చిత్తూరు జిల్లాలోని కాళహస్తి ప్రాంతంలో వేరుశనగ పంటపై ఒక కొత్త సమస్య కనిపించింది. నేడు ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో ఉంది. మొక్కలు గిడసబారాయి, అయితే ఆకులు పసుపుబారలేదు, పైగా మామూలు కంటే ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. మొక్కను పీకి చూసినప్పుడు ఊడలు పొట్టిగా ఉండి, ఊడలపైనా, లేత కాయలపైనా గోధుమ-పసుపు వర్ణపు చిన్న మచ్చలు కనిపించాయి. తెగులు ముదిరిన దశలో ఈ మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి కాయ పైపొట్టు అంతా నల్లబడింది. కాయ పరిమాణం తగ్గింది. పొట్టు లోపలి గింజ మాత్రం సాధారణంగా ఆరోగ్యంగానే ఉంది. వేర్లపై కూడా రంగు మార్పు కనిపించినా అది కాయలపై ఉన్నంత తీవ్రంగా లేదు.

ఈ లక్షణాలలో ఏ ఒక్కటీ చూపరికి నులిపురుగును గుర్తుకు తెచ్చేది కాదు. నులిపురుగు అనగానే విస్తరణ సిబ్బంది వేర్లపై ముడుల కోసం వెదకుతారు. ఇక్కడ ముడులు లేవు. పోషక లోపమని భావించడానికి ఆకులు పాలిపోలేదు. కాయకుళ్ళు శిలీంధ్రమని భావించడానికి గింజ కుళ్ళలేదు. టైలెంకోరింకస్ బ్రెవిలినియేటస్ అనే నులిపురుగు దీనికి కారణమని నిరూపించిన పరిశోధన 1984లో ప్రచురితమైంది. దానిని అంతకు ముందే, 1960లో, మారిషస్ చెరకు తోటల నేలల నుంచి విలియమ్స్ వర్ణించారు. కొందరు వర్గీకరణ శాస్త్రవేత్తలు దీనిని బైటైలెంకస్ అనే ప్రజాతిలో చేర్చారు. కనుక పరిశోధన సాహిత్యంలో ఈ ఒక్క జీవి రెండు పేర్లతో కనిపిస్తుందని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

కారకం పేరు స్పష్టమైన తర్వాత పరిశోధన ఒక దారిన పడింది. తెగులు ఉన్న పొలాలలో వేరుశనగ రకాలను, ప్రజనన వంశాలను పరీక్షించి నిరోధక శక్తి గల వాటిని ఎంపిక చేయడం సాధ్యమైంది. తెగులు తరచుగా వచ్చే ప్రాంతాల కోసం తిరుపతి-3 వంటి రకాలు వెలువడ్డాయి. కారకం తెలియకుండా నిరోధక రకాల ఎంపిక అసాధ్యం కాకపోయినా, ఏ పొలంలో, ఏ స్థాయి ఉధృతి వద్ద పరీక్షించాలో తెలియదు. ఆ పరీక్ష ఫలితాలను నమ్మడం కూడా కష్టమే.

ఈ ఉదాహరణ నుంచి మూడు పాఠాలు గ్రహించవచ్చు. మొదటిది, పై లక్షణాల ఆధారంగా నులిపురుగు ఉందనీ, లేదనీ తీర్పు చెప్పరాదు. రెండవది, వేరు వెలుపల నుంచి ఆహారం తీసుకునే నులిపురుగు, మొక్కను పీకి మట్టి దులిపిన క్షణంలోనే నమూనా నుంచి జారిపోతుంది. కనుక వేరు, ఊడ, కాయ చుట్టూ ఉన్న మట్టిని తప్పనిసరిగా సేకరించాలి. మూడవది, టైలెంకోరింకస్ ప్రజాతి అనేక పంట భూములలో ఉంటుంది. అది కనిపించినంత మాత్రాన దానినే కారకంగా ప్రకటించరాదు. తెగులు ఉన్న చోట అధికంగా, లేని చోట స్వల్పంగా ఉన్నట్లు తేలాలి. ఆ పైన, శుద్ధి చేసిన సంతతిని ఆరోగ్యవంతమైన మొక్కకు అందించినప్పుడు అవే లక్షణాలు రావాలి.

నేలలోని నులిపురుగులన్నీ పంటకు శత్రువులు కావు

నులిపురుగులు నెమటోడా వర్గానికి చెందిన, ఖండితాలు లేని, గుండ్రటి దేహం గల జీవులు. పంటలను ఆశించే వాటిలో చాలా వరకు 0.3 నుంచి 1 మి.మీ. పొడవు మాత్రమే ఉంటాయి. ఇప్పటి వరకు 4,100కు పైగా జాతులు మొక్కల పరాన్నజీవులుగా వర్ణితమయ్యాయి.

సూక్ష్మదర్శిని కింద మొదట చూడవలసినది నోటి భాగం. బాక్టీరియాను తినే వాటి నోరు గొట్టంలా తెరిచి ఉంటుంది. ఇతర నులిపురుగులను వేటాడే మోనాంకస్ వంటి వాటికి విశాలమైన నోటి కుహరంలో పన్ను ఉంటుంది. మొక్కల పరాన్నజీవులన్నింటికీ కణాన్ని గుచ్చి రసాన్ని పీల్చే సూది వంటి స్టైలెట్ ఉంటుంది. అయితే దీని విలోమం నిజం కాదు. శిలీంధ్రాలపై జీవించే అఫెలెంకస్‌కు కూడా స్టైలెట్ ఉంది. డోరిలైమిడా క్రమంలోని అనేక పరభక్షక జాతులకూ ఉంది. కనుక స్టైలెట్ లేకపోతే మొక్కల పరాన్నజీవి కాదని చెప్పవచ్చు గాని, స్టైలెట్ ఉన్న ప్రతిదీ పరాన్నజీవి అని చెప్పలేము.

విద్యార్థులు తరచుగా పొరపడే సందర్భం మరొకటి ఉంది. కుళ్ళిన వేరును నీటిలో ఉంచితే చురుకుగా కదిలే నులిపురుగులు వందల సంఖ్యలో బయటికి వస్తాయి. పరిశీలిస్తే వాటికి స్టైలెట్ ఉండదు. అవి కుళ్ళులో పెరిగిన బాక్టీరియా కోసం చేరినవి. కుళ్ళుకు ఫలితమే గాని కారణం కాదు.

వర్గీకరణ: శరీర నిర్మాణం, వంశక్రమం, జీవన విధానం

సంప్రదాయ వర్గీకరణలో మొక్కల పరాన్నజీవులు నాలుగు క్రమాలలో ఉన్నాయి. టైలెంకిడా, అఫెలెంకిడా క్రమాలలో స్టైలెట్ బోలుగా ఉండి, అడుగున సాధారణంగా మూడు బుడిపెలు ఉంటాయి. ఈ రెండింటినీ వేరు చేసేది ఆహారవాహిక. టైలెంకిడాలో పృష్ఠ గ్రంథి స్టైలెట్ అడుగు భాగానికి కొద్ది దిగువన తెరుచుకుంటుంది. అఫెలెంకిడాలో అది మధ్య బల్బులోకి తెరుచుకుంటుంది. ఆ బల్బు దాదాపు దేహపు వెడల్పంతా ఆక్రమించేంత పెద్దదిగా ఉంటుంది. డోరిలైమిడాలోని జిఫినీమా, లాంజిడోరస్‌లకు పొడవైన ఓడాంటోస్టైల్ ఉంటుంది. ట్రిప్లాంకిడాలోని ట్రైకోడోరస్‌కు వంపు తిరిగిన, బోలు కాని ఆంకియోస్టైల్ ఉంటుంది. మొక్కలకు వైరస్‌లను వ్యాప్తి చేసే నులిపురుగులు ఈ చివరి రెండు క్రమాలలోనే ఉన్నాయి. ద్రాక్షలో ఫాన్‌లీఫ్ వైరస్‌ను జిఫినీమా ఇండెక్స్ వ్యాప్తి చేస్తుందని 1958లో నిరూపితమైంది.

డీఎన్ఏ క్రమాల ఆధారంగా డి లే, బ్లాక్స్‌టర్ 2002లో ప్రతిపాదించిన వర్గీకరణ ప్రకారం నెమటోడా వర్గంలో ఎనోప్లియా, క్రోమడోరియా అనే రెండు తరగతులు ఉన్నాయి. పాత టైలెంకిడా క్రమం ఇందులో రాబ్డిటిడా క్రమానికి లోబడిన టైలెంకైనా ఉపక్రమంలోకి చేరింది. మొక్కలపై పరాన్నజీవనం నులిపురుగుల వంశవృక్షంలో ఒకే ఒక్కసారి కాక, వేర్వేరు శాఖలలో స్వతంత్రంగా ఆవిర్భవించిందని ఈ అధ్యయనాల వల్ల స్పష్టమైంది. పాఠ్యగ్రంథాలలో పాత పేర్లు, పరిశోధన పత్రాలలో కొత్త పేర్లు కనిపించడానికి కారణం ఇదే.

క్షేత్ర స్థాయి సలహాకు మాత్రం ఆహార సేకరణ విధానాన్ని అనుసరించిన విభజన ఎక్కువగా ఉపకరిస్తుంది. టైలెంకోరింకస్, క్రైకోనెమాటిడ్‌ల వంటివి దేహమంతా మట్టిలోనే ఉంచి, స్టైలెట్‌ను మాత్రం వేరులోకి దించే బాహ్య పరాన్నజీవులు. ప్రాటిలెంకస్, రాడోఫోలస్, హిర్ష్‌మానియెల్లా వేరులోపల సంచరిస్తూ కణజాలాన్ని నాశనం చేసే సంచార అంతఃపరాన్నజీవులు. రొటైలెంక్యులస్ రెనిఫార్మిస్, చీనీ, నిమ్మ తోటలను ఆశించే టైలెంక్యులస్ సెమిపెనెట్రాన్స్ ముందు భాగాన్ని మాత్రమే వేరులో ఉంచే అర్ధ అంతఃపరాన్నజీవులు. మెలాయిడోగైనీ, హెటెరోడెరా వేరులో ఒకే చోట స్థిరపడి, అక్కడి కణాలను తమ పోషణకు అనుకూలంగా మార్చుకునే స్థిర అంతఃపరాన్నజీవులు.

ఈ విభజన వల్ల నులిపురుగును ఎక్కడ వెదకాలో ముందే తెలుస్తుంది. బాహ్య పరాన్నజీవి మట్టిలో, సంచార అంతఃపరాన్నజీవి ప్రధానంగా వేరులో దొరుకుతుంది. వేరుముడి నులిపురుగు ఆడజీవి వేరులో ఉంటే, దాని రెండవ దశ పిల్ల పురుగు మట్టిలో ఉంటుంది. కేవలం మట్టిని పరీక్షించినా, కేవలం వేరును పరీక్షించినా సగం సమాచారమే లభిస్తుంది.

నమూనా సేకరణ

గుర్తింపులో జరిగే పొరపాట్లలో చాలా వరకు ప్రయోగశాలలో కాక పొలంలోనే మొదలవుతాయి. నులిపురుగులు పొలమంతా సమంగా విస్తరించవు. గుంపులు గుంపులుగా ఉంటాయి. కనుక పొలంలో వంకర టింకరగా నడుస్తూ 10 నుంచి 20 చోట్ల, వేరు మండలం నుంచి 15–20 సెం.మీ. లోతు వరకు మట్టిని తీసి కలపాలి. పైన ఎండిన పొరను తొలగించాలి. పూర్తిగా చనిపోయిన మొక్కల కింద పరాన్నజీవులు ఆహారం లేక తగ్గిపోతాయి. అందువల్ల గిడసబారిన మచ్చ అంచున, ఇంకా ప్రాణంతో ఉన్న మొక్కల వద్ద సేకరించడం మేలు. అదే పొలంలోని ఆరోగ్యవంతమైన భాగం నుంచి మరొక నమూనాను విడిగా తీసుకోవాలి. ఈ రెండవ నమూనా లేకపోతే మొదటి దానిలోని సంఖ్యలకు అర్థం చెప్పడం కష్టం.

సుమారు అర కిలో మట్టిని, వాటితో పాటు 5–10 గ్రాముల సన్నని వేర్లను పాలిథీన్ సంచిలో ఉంచి మూతి కట్టాలి. వేరుశనగ విషయంలో ఊడలు, వివిధ దశలలోని కాయలు కూడా చేర్చాలి. పంట, రకం, పంట వయస్సు, అంతకు ముందు వేసిన పంట, గ్రామం, తేదీ పెన్సిలుతో రాసిన చీటీని జతపరచాలి. నులిపురుగులు సజీవంగా ఉంటేనే మట్టి నుంచి వేరుపడతాయి. నమూనాను ఎండలో గాని, మూసిన వాహనంలో గాని వదిలితే అవి చనిపోతాయి. అప్పుడు వచ్చే ‘లేవు’ అన్న ఫలితం నమ్మదగినది కాదు.

మట్టి నుంచి వేరుపరచడం

మన ప్రయోగశాలలలో విస్తృతంగా వాడుకలో ఉన్నది కాబ్ జల్లెడ పద్ధతి, బేర్‌మన్ గరాటు పద్ధతుల సమ్మేళనం. 200–250 ఘన సెం.మీ. మట్టిని బక్కెట్టు నీటిలో బాగా కలిపి, బరువైన ఇసుక రేణువులు అడుగుకు చేరే వరకు కొద్ది సెకన్లు ఆగి, పై నీటిని జల్లెడల గుండా వంపాలి. 20 మెష్ జల్లెడపై చెత్త, 60 మెష్ జల్లెడపై కోశాలు, 325 లేదా 350 మెష్ జల్లెడపై నులిపురుగులు నిలుస్తాయి. చివరి జల్లెడపై మిగిలిన పదార్థాన్ని తీగ వల మీద పరచిన పల్చని కాగితంపై ఉంచి, దాని అడుగు భాగం నీటిని తాకేటట్లు అమర్చాలి. 24 నుంచి 48 గంటలలో చురుకైన నులిపురుగులు కాగితం గుండా నీటిలోకి దిగుతాయి.

ఈ పద్ధతి నులిపురుగు కదలికపై ఆధారపడుతుందన్న సంగతి మరువరాదు. మందంగా కదిలే క్రైకోనెమాటిడ్‌లు దీనిలో సరిగా బయటపడవు. వాటికి 1.18 విశిష్ట సాంద్రత గల చక్కెర ద్రావణంలో తేల్చే అపకేంద్ర పద్ధతి అనువైనది. ఎండిన మట్టి నుంచి కోశాలను ఫెన్‌విక్ పాత్రతో వేరుచేయవచ్చు. వేరులోపలి దశలను ఆమ్ల ఫుక్సిన్‌తో రంగు వేసి చూడాలి. అందువల్ల ఏ పద్ధతి వాడారో నివేదికలో రాయకపోతే, రెండు ప్రయోగశాలల సంఖ్యలను పోల్చడం సాధ్యం కాదు.

ప్రజాతి గుర్తింపు

నులిపురుగులను దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో చంపినప్పుడు అవి తీసుకునే ఆకృతే మొదటి సూచన ఇస్తుంది. ఆ తర్వాత స్టైలెట్ ఆకృతి, ఆహారవాహిక గ్రంథులు పేగుపై పరచుకునే దిశ, అండాశయాల సంఖ్య, జననరంధ్రపు స్థానం, తోక ఆకారం, పార్శ్వ రేఖల సంఖ్య పరిశీలించాలి. మన పంటలలో తరచుగా కనిపించే ప్రజాతుల ముఖ్య లక్షణాలు ఇవి:

టైలెంకోరింకస్: మరణించినప్పుడు దేహం నిటారుగా గాని, కొద్ది వంపుతో గాని ఉంటుంది. ఆహారవాహిక గ్రంథులు పేగుపైకి రాక ప్రత్యేక బల్బుగా ముగుస్తాయి. జననరంధ్రం దేహం మధ్యలో, దాని ఇరువైపులా అండాశయాలు ఉంటాయి.

ప్రాటిలెంకస్: తల చదునుగా, స్టైలెట్ పొట్టిగా, దృఢంగా ఉంటుంది. గ్రంథులు పేగును ఉదర వైపు కప్పుతాయి. అండాశయం ఒక్కటే, జననరంధ్రం దేహపు చివరి భాగానికి దగ్గరగా ఉంటుంది.

రాడోఫోలస్: గ్రంథులు పేగును పృష్ఠ వైపు కప్పుతాయి. అండాశయాలు రెండు. మగజీవి తల ఎత్తుగా గుండీలా ఉండి, స్టైలెట్ క్షీణించి ఉంటుంది. అరటి వేర్లలో దీనినీ, ప్రాటిలెంకస్‌నూ వేరు చేసేవి ఈ లక్షణాలే.

హెలికోటైలెంకస్: వేడికి చనిపోయినప్పుడు చుట్టలా ముడుచుకుంటుంది.

హోప్లోలైమస్: పెద్ద దేహం, బలమైన తల, తులిప్ పువ్వు ఆకారపు స్టైలెట్ బుడిపెలు దీని గుర్తులు.

రొటైలెంక్యులస్: మట్టిలో అపరిపక్వ ఆడజీవులు దొరుకుతాయి. వేరుపై పరిపక్వ ఆడజీవి మూత్రపిండం ఆకారంలో ఉబ్బి ఉంటుంది.

మెలాయిడోగైనీ, హెటెరోడెరా: మట్టిలో ప్రధానంగా రెండవ దశ పిల్ల పురుగులు లభిస్తాయి. మొదటి దాని స్టైలెట్ సన్నగా, సున్నితంగా ఉంటుంది. రెండవ దానిది దృఢంగా, స్పష్టమైన బుడిపెలతో ఉంటుంది. వేరును పరిశీలిస్తే మెలాయిడోగైనీ ఆడజీవి ముడిలోపల బేరిపండు ఆకారంలో తెల్లగా ఉంటుంది. హెటెరోడెరా ఆడజీవి వేరుపై నిమ్మకాయ ఆకారంలో బయటికి కనిపించి, చనిపోయిన తర్వాత గుడ్లతో నిండిన గోధుమ రంగు కోశంగా మారుతుంది.

పప్పుధాన్యాలు, వేరుశనగ వంటి పంటలలో పొలంలోనే తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. రైజోబియం బుడిపెలు వేరుకు పక్కన అతుక్కొని ఉంటాయి, వేలితో రాస్తే ఊడివస్తాయి, చురుకైన బుడిపె లోపల గులాబీ రంగులో ఉంటుంది. నులిపురుగు ముడి వేరే ఉబ్బడం వల్ల ఏర్పడుతుంది. దానిని వేరు తెగకుండా తొలగించలేము.

కొలతలు: డి మాన్ సూచికలు

ప్రజాతి తేలిన తర్వాత జాతి నిర్ధారణకు కొలతలు అవసరం. డచ్ శాస్త్రవేత్త డి మాన్ ప్రవేశపెట్టిన సూచికలు నేటికీ వాడుకలో ఉన్నాయి. దేహ పొడవును గరిష్ఠ వెడల్పుతో భాగిస్తే ‘ఎ’, ఆహారవాహిక పొడవుతో భాగిస్తే ‘బి’, తోక పొడవుతో భాగిస్తే ‘సి’ విలువలు వస్తాయి. తల నుంచి జననరంధ్రం వరకు గల దూరం మొత్తం పొడవులో ఎంత శాతమో ‘వి’ తెలుపుతుంది. ఒక ఆడజీవి పొడవు 700 మైక్రాన్లు, వెడల్పు 28, ఆహారవాహిక 140, తోక 50, తల నుంచి జననరంధ్రం 385 మైక్రాన్లు అనుకుంటే, ఎ = 25, బి = 5, సి = 14, వి = 55 అవుతాయి. వి విలువ 55 అంటే జననరంధ్రం దేహం మధ్యకు దగ్గరగా ఉందని అర్థం. కాబట్టి ఆ జీవి ప్రాటిలెంకస్ అయ్యే అవకాశం లేదు. ఒకే జీవి కొలతలపై ఆధారపడక, కనీసం 10–20 ఆడజీవులను కొలిచి సగటుతో పాటు కనిష్ఠ, గరిష్ఠ విలువలను ఇవ్వాలి.

జాతి గుర్తింపు: వేరుముడి నులిపురుగుల ఉదాహరణ

వేరుముడి లక్షణాన్ని ఇంగ్లండులో దోస వేర్లపై బర్క్‌లీ 1855లో వర్ణించారు. భారతదేశంలో దీనిని బార్బర్ 1901లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని దేవాల ప్రాంతపు తేయాకు తోటలో గుర్తించారు. ఆ తర్వాత చాలా కాలం ప్రపంచమంతటా వేరుముడి నులిపురుగులన్నింటినీ ఒకే జాతిగా పరిగణించారు. ఒక చోట ఒక పంటను ఆశించిన ‘అదే’ నులిపురుగు మరొక చోట ఆ పంటను ఎందుకు వదిలివేస్తుందో వివరించడం అందువల్ల సాధ్యం కాలేదు. 1949లో చిట్‌వుడ్ వీటిని మెలాయిడోగైనీ ప్రజాతిగా పునఃస్థాపించి, ఆడజీవి పాయువు, జననరంధ్రం చుట్టూ చర్మంపై ఉండే గీతల అమరికను బట్టి జాతులను వేరు చేశారు. ఇన్‌కాగ్నిటాలో ఈ గీతలు పైవైపు ఎత్తైన, చదరపు కమానుగా ఉంటాయి. జవానికాలో ఇరుపక్కల స్పష్టమైన పార్శ్వ రేఖలు ఉంటాయి. అరెనేరియాలో కమాను తక్కువ ఎత్తులో గుండ్రంగా ఉంటుంది. హాప్లాలో తోక కొన వద్ద చుక్కలు ఉంటాయి.

ఈ జాతి భేదం పంట మార్పిడి సలహాను నేరుగా ప్రభావితం చేస్తుంది. మెలాయిడోగైనీ ఇన్‌కాగ్నిటా వేరుశనగపై వృద్ధి చెందదు. కనుక అది ఉన్న టమాట, వంగ పొలంలో వేరుశనగతో పంట మార్పిడి చేస్తే దాని సంఖ్య తగ్గుతుంది. అదే పొలంలో ఉన్నది అరెనేరియా మొదటి తెగ అయితే, వేరుశనగ దానికి ఇష్టమైన ఆహారం. వేర్లపైనే కాక ఊడలు, కాయలపైనా ముడులు ఏర్పడి నష్టం పెరుగుతుంది. జవానికాలో కూడా వేరుశనగను ఆశించే సంతతులు ఉన్నాయి. టమాట వేరుపై కనిపించే ముడిని చూసి ఈ మూడింటిలో ఏది ఉందో ఎవరూ చెప్పలేరు. 1978లో టేలర్, సాసర్ రూపొందించిన అతిథేయి పరీక్షలో పత్తి, పొగాకు, మిరప, పుచ్చ, వేరుశనగ, టమాట మొక్కలను వాడటంలోని ఉద్దేశం ఇదే. ఏ పంటపై వృద్ధి చెందింది, దేనిపై చెందలేదు అన్న అమరికను బట్టి ప్రధాన జాతులను, వాటిలోని తెగలను వేరు చేయవచ్చు.

అయితే ప్రధానమైన నాలుగు జాతులకు వెలుపల ఉన్నవాటి విషయంలో చర్మపు గీతలు గాని, అతిథేయి పరీక్ష గాని మోసగించవచ్చు. చైనాలో 1983లో వర్ణితమైన మెలాయిడోగైనీ ఎంటెరోలోబై గీతల అమరిక ఇన్‌కాగ్నిటాను పోలి ఉంటుంది. టమాటలోని ఎంఐ-1 నిరోధక జన్యువు ఇన్‌కాగ్నిటా, జవానికా, అరెనేరియాలను అడ్డుకుంటుంది గాని ఎంటెరోలోబైని అడ్డుకోలేదు. 2016లో ఈ జాతి తమిళనాడు జామ తోటలలో ఉన్నట్లు నమోదైంది. నారుమొక్కల వేర్లతో, కుండీ మట్టితో ఇది కొత్త ప్రాంతాలకు చేరగలదు. జామ నారులో ముడులు చూసి ‘మామూలు వేరుముడి’ అని పంపిణీకి అనుమతిస్తే, ఏళ్ళ తరబడి నిలిచే తోటలోకి ఆ సమస్యను చేతులారా ప్రవేశపెట్టినట్లే.

ఇటువంటి సందర్భాలలో ఎస్టరేజ్ ఎంజైముల విద్యుత్ విశ్లేషణ ఒక్క ఆడజీవితోనే జాతిని సూచించగలదు. జాతి ప్రత్యేక ప్రైమర్లతో చేసే పీసీఆర్ పరీక్ష పిల్ల పురుగులపై కూడా పనిచేస్తుంది. రైబోసోమల్ డీఎన్ఏ క్రమం అనేక ప్రజాతులలో జాతిని తేల్చుతుంది. కానీ ఇన్‌కాగ్నిటా, జవానికా, అరెనేరియాలు ఒకదానికొకటి చాలా సన్నిహితమైనవి కనుక ఆ క్రమంతో వాటిని విడదీయడం కష్టం. డీఎన్ఏ పరీక్ష శరీర నిర్మాణ పరిశీలనకు ప్రత్యామ్నాయం కాదు. ఏ జీవి నుంచి డీఎన్ఏ తీశారో దాని చిత్రం, కొలతలు భద్రపరచకపోతే ఫలితాన్ని సరిచూసుకునే మార్గం ఉండదు.

పేరు మారితే సలహా మారుతుంది

వరిలో ఇది మరింత స్పష్టం. మెలాయిడోగైనీ గ్రామినికోలా వేరు కొనలను కొక్కెంలా వంచి ముడులు కలిగిస్తుంది. నీరు నిలిచి ఉన్నప్పుడు దాని పిల్ల పురుగులు కొత్త వేర్లలోకి ప్రవేశించలేవు. కనుక ఆరుతడి వరిలో, మెట్ట నారుమళ్ళలో సమస్య ఎక్కువ. హిర్ష్‌మానియెల్లా ఒరైజే ఇందుకు భిన్నంగా నీరు నిలిచిన పొలాలలోనే వర్ధిల్లుతుంది, ముడులు కలిగించదు. ఒకే పంట, ఒకే ఫిర్యాదు. నీటి నిర్వహణలో మాత్రం ఒకదానిని అదుపు చేసేది మరొక దానికి అనుకూలిస్తుంది. పేరు తెలియకుండా ఇచ్చే సలహా మేలు చేసే అవకాశం ఎంతో, కీడు చేసే అవకాశం అంతే.

పేరుకు చట్టపరమైన పర్యవసానాలు కూడా ఉన్నాయి. బంగాళాదుంపను ఆశించే గ్లోబోడెరా కోశ నులిపురుగుల కారణంగా 2018లో కేంద్ర ప్రభుత్వం హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, జమ్మూ కాశ్మీర్‌ల నుంచి విత్తన దుంపల తరలింపుపై ఆంక్షలు విధించింది. ఒక కోశం గ్లోబోడెరాదా, హెటెరోడెరాదా అన్న నిర్ణయంపై ఒక ప్రాంతపు విత్తన వ్యాపారం ఆధారపడుతుంది.

నివేదికలో ఉండవలసినవి

విస్తరణ శాస్త్రవేత్తకు ఉపయోగపడే నివేదికలో ఈ అంశాలు ఉండాలి: నమూనా సేకరించిన విధానం, లోతు, పంట దశ, వేరుపరచిన పద్ధతి, మట్టి నిర్ణీత పరిమాణానికి, వేరు గ్రాముకు ప్రజాతి వారీగా సంఖ్య, తెగులు ఉన్న, లేని భాగాల పోలిక, గుర్తింపు ప్రజాతి వరకా, జాతి వరకా అన్న స్పష్టత, జాతి పేర్కొంటే దానికి ఆధారమైన పరీక్ష. ప్రజాతి వరకే గుర్తించిన చోట జాతి పేరును ఊహించి రాయరాదు. ‘మెలాయిడోగైనీ, జాతి నిర్ధారించవలసి ఉంది’ అన్న నిజాయితీ గల వాక్యం, ఆధారం లేని ‘ఇన్‌కాగ్నిటా’ కంటే విలువైనది. మొదటిది తర్వాతి పరీక్షకు దారి చూపుతుంది. రెండవది ఆ దారిని మూసివేస్తుంది.

ముగింపు

పంట భూములలో నులిపురుగుల గుర్తింపు పొలంలో మొదలై, జల్లెడల మీదుగా సూక్ష్మదర్శిని వద్దకు, అవసరమైనప్పుడు డీఎన్ఏ ప్రయోగశాల వరకు సాగే ఒకే క్రమం. ఇందులో మొదటి దశ విస్తరణ శాస్త్రవేత్త చేతిలో ఉంది. ఊడను, కాయను, వాటి చుట్టూ ఉన్న పిడికెడు మట్టిని ఆయన తీసుకురాకపోతే తర్వాతి దశలలో ఎంత నైపుణ్యం ఉన్నా ఫలితం ఉండదు. కాళహస్తి ప్రాంతపు వేరుశనగ పొలాలలో ముడులు లేని, ఆకులు పాలిపోని ఒక సమస్యకు కారకాన్ని మట్టిలో వెదికి, పేరు నిర్ధారించి, ఆ పేరు ఆధారంగా నిరోధక రకాలను ఎంపిక చేసిన క్రమమే నేటి కొత్త సమస్యలకూ వర్తిస్తుంది. కృషి విజ్ఞాన కేంద్రాలలో స్టీరియో సూక్ష్మదర్శిని, నాలుగు జల్లెడలు, ప్రజాతి స్థాయి గుర్తింపులో శిక్షణ పొందిన ఒక్క వ్యక్తి ఉంటే, ‘నులిపురుగులు ఉన్నవి’ అన్న నివేదిక స్థానంలో రైతు ఆచరించగల సలహాను ఇవ్వడం సాధ్యమవుతుంది.